లక్ష రూపాయల లెన్సు: అందరూ తప్పనే సలహాలు

పొగాకు వేలాలు మొదలయ్యాయంటే డీసీ పల్లి చుట్టుపక్కల ఊళ్లలో చేతిలో డబ్బు ఆడుతుంది. మర్రిపాడు, ఆత్మకూరు, ఉదయగిరి మధ్య పెళ్లిళ్లూ గృహప్రవేశాలూ తీసి బతికే కుర్రాళ్లకు బాకీలు వసూలయ్యేది ఆ నెలల్లోనే. కొత్త సామాను మీదికి మనసు పోయేదీ అప్పుడే. అడిగేది మాత్రం ఒకటే ప్రశ్న: కెమెరాతో వచ్చిన కిట్ లెన్సు పక్కన పడేసి లక్షో లక్షన్నరో పెట్టి మంచి లెన్సు కొంటే, ఆ ధరకు తగ్గ ఫలితం ఉంటుందా?

నా జవాబు దుకాణంలో చెప్పరు. సీనియర్లలో చాలామంది ఒప్పుకోరు. వీడియోల్లో వినేదానికి ఇది తలకిందులుగా ఉంటుంది. ఇలా చెప్తే తప్పుదారి పట్టిస్తున్నానంటారని నాకు తెలుసు. అందుకే ప్రతి మాటకూ లెక్క చూపిస్తాను. కాగితం మీద వేసి చూసుకోండి.

లెన్సుకని దాచిన డబ్బుతో ముందు వెలుగు కొనండి

మన మెట్ట ప్రాంతంలో పెళ్లి ముహూర్తం తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో పడుతుంది. ఇంటి ముందు షామియానా, మండపానికి సీరియల్ లైట్లు, వీడియో అతను పట్టుకున్న ఎల్‌ఈడీ లైటు ఒకటి. ఇంతకు మించి వెలుగుండదు. కిట్ లెన్సు అక్కడ చేతులెత్తేస్తుంది, నిజమే. వెంటనే అందరికీ తట్టే ఆలోచన, ఎక్కువ వెలుగు లాగే ఖరీదైన లెన్సు కొనాలని.

మీరు ఆ పని చెయ్యకండి. ఒక ఫ్లాషు, దాన్ని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గరు, ఒక స్టాండు, ఒక తెల్ల గొడుగు కొనండి. గొడాక్స్ లాంటి కంపెనీల సామానైతే ఇవన్నీ కలిపి లక్ష లెన్సు ధరలో పదో వంతు దగ్గర తేలిపోతాయి. కెమెరా నెత్తిన పెట్టిన ఫ్లాషు ముఖానికి సూటిగా కొడితే పెళ్లికూతురి నుదుటి మీద, ముక్కు మీద తెల్లటి మచ్చలు తేలతాయి, వెనకాల నీడ గోడకు అతుక్కుంటుంది. దాన్ని పైకి తిప్పి కొడదామంటే మన పెళ్లిళ్లలో నెత్తి మీదుండేది సున్నం వేసిన కప్పు కాదు, ఎర్రదో పసుపుదో షామియానా గుడ్డ. ఆ గుడ్డ రంగంతా ముఖాల మీదికి దిగుతుంది. తెల్ల చీర గులాబి రంగుకు మారుతుంది. ఎడిటింగులో ఎంత కష్టపడినా చర్మం రంగు, చీర రంగు రెండూ కుదరవు. కాబట్టి ఫ్లాషును కెమెరా మీంచి దింపండి. మండపానికి ఒక పక్కగా, మనిషి ఎత్తుకు ఒక మూర పైన, గొడుగులోంచి వెలుగు వచ్చేలా స్టాండు నిలబెట్టండి. వీడియో అతని లైటు కుడివైపుంటే మీ గొడుగు ఎడమవైపు ఉండాలి. ఈ సంగతి ముహూర్తానికి గంట ముందే అతనితో మాట్లాడుకోండి. చాలా పెళ్లిళ్లలో ఫొటో అతనూ వీడియో అతనూ ఒకరి వెలుగును ఒకరు చెడగొట్టుకోవడానికి కారణం ఆ మాట మాట్లాడుకోకపోవడమే.

ఇలా వెలుగు పెట్టాక ఎఫ్ 5.6 దగ్గర తీయొచ్చు. అక్కడ కిట్ లెన్సు బొమ్మకూ లక్ష లెన్సు బొమ్మకూ మధ్య తేడా ఆల్బమ్‌లో కనిపించదు. 12 అంగుళాలకు 36 అంగుళాల ఆల్బమ్ షీటులో ఒక పేజీ అంటే 12కు 18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల లెక్కన దానికి కావలసింది దాదాపు 19 మెగాపిక్సెళ్లు. ఇప్పటి ఏ సాధారణ కెమెరా అయినా అంతకన్నా ఎక్కువే ఇస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే మీ ఫొటో కుదించుకుపోయి రెండు మెగాపిక్సెళ్ల దరిదాపుల్లో మిగులుతుంది. అంచుల్లో ఉండే ఆ చివరి పదును కోసం లక్ష పోస్తే, అది చూసే కళ్లకు చేరేలోపే మాయమైపోతుంది. డీసీ పల్లి వేలంలో బేలు విప్పి ఆకును వేళ్ల మధ్య నలిపి చూసే కొనుగోలుదారుకు రెండు గ్రేడుల తేడా పట్టుబడుతుంది. దారినపోయేవాడికి రెండూ పొగాకే. మీ ఆల్బమ్ తిప్పే పెళ్లివారు రెండో రకం.

ఇంకొక్క మాట. మండపం లైట్లు, హాలు ట్యూబులు మన కరెంటుకు తగ్గట్టు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. షట్టరు మరీ వేగంగా పెడితే ఫొటోలో అడ్డంగా నల్లచారలు పడతాయి. 50వ వంతు, లేదా 100వ వంతు సెకను దగ్గర పెట్టుకుంటే చాలావరకు పోతాయి. చారలు చూసి లెన్సు పాడైందని మార్చేసినవాళ్లున్నారు. తప్పు లెన్సుది కాదు.

ఎఫ్ 1.2 కోసం డబ్బు పెట్టకండి

ఖరీదైన లెన్సంటే ఎక్కువమంది మనసులో మెదిలేది ఇదే: ఎఫ్ పక్కన చిన్న అంకె. ఆ అంకె చిన్నదయ్యేకొద్దీ లోపలికి వచ్చే వెలుగు పెరుగుతుంది. ఎంత పెరుగుతుంది, దానికి ఎంత కడుతున్నాం అన్నదే అసలు సంగతి.

కిట్ లెన్సును జూమ్ చేస్తే ఎఫ్ 5.6 దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి ఎఫ్ 1.8 లెన్సుకు మారితే వెలుగు దాదాపు 10 రెట్లవుతుంది. అలాంటి 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు కొత్త రకమైతే ఇరవై వేల లోపు, పాత రకమైతే పది వేల దగ్గర దొరుకుతుంది. ఆ ఎఫ్ 1.8 నుంచి ఎఫ్ 1.2కు వెళ్తే పెరిగే వెలుగు రెండుంపావు రెట్లు మాత్రమే. దానికి ధర లక్ష దాటి పైకి పోతుంది. మొదటి పది రెట్లకు పదో ఇరవయ్యో వేలు, ఆ తర్వాతి రెండుంపావు రెట్లకు లక్షకు పైన. ఆ రెండుంపావు రెట్లను ఐఎస్ఓ కాస్త పెంచి తెచ్చుకోవచ్చు. ఇప్పటి కెమెరాల్లో 3200కు, 6400కు తేడా ఆల్బమ్ కాగితం మీద ఎవరూ వెతికి పట్టుకోరు.

ఆ డబ్బంతా ఎక్కడికి పోతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే కంపెనీలు ఊరికే దోచుకుంటున్నాయన్నది అబద్ధం. క్యానన్ ఆర్‌ఎఫ్ 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సులో ఉన్న గాజు ముక్కలు 6, బరువు 160 గ్రాములు. అదే 50 ఎంఎం ఎఫ్ 1.2 లెన్సులో 15 గాజు ముక్కలు, బరువు 950 గ్రాములు. వెలుగు లోపలికొచ్చే రంధ్రం పెద్దదయ్యేకొద్దీ గాజు అంచుల్లోంచి వచ్చే కిరణాలు మధ్యలోంచి వచ్చే కిరణాలతో ఒకే చోట కలవవు. బొమ్మ మెత్తబడుతుంది. దీపాల చుట్టూ ఊదా రంగు అంచులు కనిపిస్తాయి. మూలల్లోని లైట్లకు రెక్కలు మొలిచినట్టుంటుంది. ఒక్కో లోపాన్ని సరిదిద్దడానికి ఒక్కో గాజు కలుపుతూ పోవాలి. వాటిలో కొన్ని గోళాకారంలో ఉండవు. వాటిని తయారు చెయ్యడం కష్టం, కొనేవాళ్లు తక్కువ. అందుకే ఆ ధర. పెద్ద రంధ్రంతో తీసినా కళ్ల రెప్పల దాకా పదును తేవడం నిజంగా గొప్ప పనితనం. దానికి నేను నమస్కారం పెడతాను. కానీ ఆ పనితనం మీకు ఉపయోగపడేది ఎఫ్ 1.2 దగ్గర తీసినప్పుడే. ఎఫ్ 4 దాకా మూసి తీస్తే ఆ గాజుల్లో సగం ఊరికే మోసినట్టు.

మన పెళ్లిలో ఎఫ్ 1.2 దగ్గర తీసే క్షణం ఎన్నిసార్లు వస్తుంది? మాంగల్యధారణే చూడండి. పెళ్లికూతురు తల వంచి కూర్చుంటుంది. పెళ్లికొడుకు చేతులు ఆమె మెడ వెనక ముడి వేస్తుంటాయి. ఆడపడుచు జడ పైకెత్తి దీపం పట్టుకుంటుంది. పురోహితుడి చెయ్యి పక్క నుంచి వస్తుంది. అక్షింతలు గాల్లో ఉంటాయి. ఆమె ముఖం, అతని వేళ్లు, ఆ ముడి మూడూ స్పష్టంగా పడాలి. ముందు నుంచి వెనక్కి కనీసం ఒక అడుగు లోతు కావాలి. 85 ఎంఎం లెన్సును ఎఫ్ 1.2 దగ్గర పెట్టి ఆరడుగుల పైచిలుకు, అంటే రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే లోతు నాలుగు సెంటీమీటర్లు. పెళ్లికూతురి కన్ను పదునుగా ఉంటుంది, చెవి కమ్మ మసకబారుతుంది, తాళి ముడి ఎవరిదో తెలియదు. అదే దూరం నుంచి 50 ఎంఎం లెన్సుతో ఎఫ్ 4 దగ్గర తీస్తే 38 సెంటీమీటర్ల లోతు వస్తుంది. అడుగు పైనే. ఇవి ఫుల్ ఫ్రేమ్ కెమెరా లెక్కలు. చిన్న సెన్సరు కెమెరాలో అంకెలు కొంచెం మారతాయి, సంగతి మారదు. తెలుగు పెళ్లిలో అతి ముఖ్యమైన ఫొటో, ఆ లెన్సు దేనికోసమైతే అంత ఖరీదు పలుకుతోందో సరిగ్గా ఆ అంకె దగ్గర తియ్యలేనిది.

స్టాన్లీ కుబ్రిక్ 1975లో విడుదలైన ‘బారీ లిండన్’ సినిమాలో కొవ్వొత్తి వెలుగులోనే గదులు చిత్రించాలనుకుని జైస్ కంపెనీ చేసిన 50 ఎంఎం ఎఫ్ 0.7 లెన్సు వాడాడు. అలాంటివి మొత్తం 10 చేశారు. 6 నాసా తీసుకుంది, 3 కుబ్రిక్‌కు వచ్చాయి, 1 జైస్ దగ్గరే ఉండిపోయింది. అంత లెన్సు చేతిలో ఉన్నా లోతు చాలక నటులు ముందుకూ వెనక్కూ కదలకుండా కూర్చోవలసి వచ్చింది. మీ పెళ్లివారిని కదలకుండా కూర్చోబెట్టగలరా? మన 1957 నాటి ‘మాయాబజార్’లో మార్కస్ బార్‌ట్లే చూపించిన వెన్నెలను జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏ లెన్సుతో తీశాడని అడిగేవాళ్లు లేరు. ఆయన పేరు నిలిచింది వెలుగు పెట్టడం తెలిసినందుకే.

వెనకంతా మసకగా కరిగిపోతే అందంగా ఉంటుందంటారు. ఉంటుంది, కాదనను. దానికి 85 ఎంఎం ఎఫ్ 1.8 చాలు. జంటను కొంచెం ముందుకు రమ్మని వెనక గోడను దూరం చెయ్యండి. ఖర్చు లేని మసక అది.

మొదటి లెన్సుగా ఫిఫ్టీ కొనకండి

ఇది వింటే నా మీదికి వస్తారు. కొత్తవాళ్లు 50 ఎంఎం ఎఫ్ 1.8 కొనాలన్నది అందరూ ఒప్పుకున్న మాట. చవక, మంచి లెన్సు. దాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఈ మాట పుట్టింది ఫిల్ము కెమెరాల కాలంలో. ఇవాళ మర్రిపాడులో కుర్రాడి చేతిలో ఉండేది ఎక్కువగా చిన్న సెన్సరు కెమెరా. దాని మీద 50 ఎంఎం లెన్సు 75 ఎంఎం లెన్సులా చూస్తుంది.

లెక్క ఇదీ. ఊళ్లో ఇంటి గది 10 అడుగులకు 12 అడుగులనుకోండి. ఈ గోడకు వీపు ఆనించి ఎదుటి గోడ దగ్గర నిలబడ్డవాళ్లను తీస్తే, చిన్న సెన్సరు మీద 50 ఎంఎం లెన్సులో పట్టేది అయిదడుగుల లోపు వెడల్పు. ఇద్దరు పడతారు. ముగ్గురైతే భుజాలు ఇరికించుకోవాలి. 35 ఎంఎం అయితే దాదాపు ఆరున్నర అడుగులు పడుతుంది. కిట్ లెన్సును 18 దగ్గర పెడితే 13 అడుగులు. ఇంట్లో తీసే ఫొటోలంటే ఏమిటి? పెళ్లికూతుర్ని చెయ్యడం, నలుగు పెట్టడం, గడప దగ్గర హారతి, వంటింట్లో అమ్మమ్మలు. అవన్నీ జరిగేది ఆ చిన్న గదుల్లోనే. గోడ పగలగొట్టి వెనక్కి జరగలేం కదా. చిన్న సెన్సరు కెమెరా ఉన్నవాళ్లు 35 ఎంఎం ఎఫ్ 1.8, లేదా 24 ఎంఎం ఎఫ్ 2.8 చూడండి. ఫిఫ్టీ రెండో లెన్సు. ఫుల్ ఫ్రేమ్ ఉన్నవాళ్లకు ఈ మాట వర్తించదు.

గీత పడ్డ లెన్సు కొనండి

ఇంతదాకా చదివి కూడా, నాకు మంచి లెన్సు కావాల్సిందే అనేవాళ్లుంటారు. వాళ్లకు చెప్పేది ఒకటే. కొత్తది వద్దు, పాతది కొనండి. దాని ముందు గాజు మీద చిన్న గీత ఉంటే మరీ మంచిది. ఆ గీత చూసి మిగతావాళ్లు వెళ్లిపోతారు, ధర పడిపోతుంది. ముందు గాజు మీది సన్నటి గీత బొమ్మలో కనిపించదు. సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు కాస్త తెలుపు పరుచుకుంటుంది, అంతే. లోపల నాలుగు దుమ్ము రేణువులున్నా నష్టం లేదు. మన ఎర్రమట్టి దారుల్లో తిరిగే జూమ్ లెన్సులోకి దుమ్ము రాకుండా ఎవరూ ఆపలేరు. వెనక గాజు మీది గీత మాత్రం వేరు. అది సెన్సరుకు దగ్గర, ప్రభావం ఎక్కువ. అలాంటిది తీసుకోకండి.

అసలు భయపడవలసింది బూజుకు. లెన్సును రెండు వైపులా మూతలు తీసి, రంధ్రం పూర్తిగా తెరిచి, ఫోను టార్చి వెనక నుంచి వెయ్యండి. ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి ఏ గాజు మీదైనా కొమ్మలు కొమ్మలుగా కనిపిస్తే బేరం ఆడకుండా లేచిపోండి. అది పెరుగుతుంది, పైపూతను తినేస్తుంది. నెల్లూరు, చెన్నై లాంటి తీరప్రాంతాల్లో ఏళ్ల తరబడి సంచిలో మూసిపెట్టిన లెన్సుల్లో ఇది ఎక్కువ. మన మెట్టలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇక్కడే వాడిన లెన్సు దుమ్ముతో ఉన్నా బూజు లేకుండా దొరుకుతుంది. ఆ తర్వాత రంధ్రాన్ని మూసే రెక్కల మీద నూనె మరకలున్నాయేమో చూడండి. దగ్గరి వస్తువుల మీదా దూరపు వస్తువుల మీదా మార్చి మార్చి ఫోకస్ చెయ్యండి. మోటారు కీచుమంటుందేమో వినండి.

పాత లెన్సులు ఇప్పుడు ఇంత చవకగా దొరకడానికి కారణముంది. 2018లో క్యానన్ ఆర్‌ఎఫ్, నికాన్ జడ్ కెమెరాలు వచ్చాక పెద్ద స్టూడియోలు అటు మారుతూ పాత సామాను అమ్మేస్తున్నాయి. పాత క్యానన్ ఈఎఫ్ లెన్సు కొత్త ఆర్‌ఎఫ్ కెమెరా మీద అడాప్టరు పెడితే ఫోకస్‌తో సహా చక్కగా పనిచేస్తుంది. నికాన్‌లో మాత్రం జాగ్రత్త. ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్న లెన్సులు ఎఫ్‌టీజడ్ అడాప్టరుతో ఫోకస్ చేస్తాయి. ఏఎఫ్-డి లెన్సులకు సొంత మోటారు లేదు. అవి ఆ అడాప్టరు మీద, 3000 వరుస, 5000 వరుస కెమెరాల మీద తమంతట తాము ఫోకస్ చెయ్యవు. చవకగా వస్తోందని అవి కొని పెళ్లికి పట్టుకెళ్తే అగచాట్లే.

లెన్సు కొన్న రోజే దుకాణంలో దాని ముందు యూవీ ఫిల్టరు బిగించి ఇస్తారు. తీసెయ్యండి. రెండు మూడు వందల గాజును లక్ష గాజు ముందు పెట్టడం డబ్బు పోసి కొన్న పదును పోగొట్టుకోవడమే. రాత్రి దీపాలు, మండపం బల్బులు ఆ ఫిల్టరులోంచి ప్రతిఫలించి ఫొటోలో ఎదురు మూలన దెయ్యం దీపాల్లా మెరుస్తాయి. ప్రమిదలతో తీసిన ప్రతి ఫొటోలో అవి లెక్కపెట్టుకోవచ్చు. దెబ్బ తగలకుండా హుడ్ పెట్టుకోండి. మట్టి దుమ్ము రేగే చోటో, రంగులు చల్లుకునే చోటో మాత్రం మంచి ఫిల్టరు వాడటం న్యాయం. కొన్ని సీలు వేసిన లెన్సులకు ముందు ఫిల్టరు ఉంటేనే సీలు పూర్తవుతుందని తయారీదారులే చెప్తారు.

పిట్టల కోసం పది లక్షలు వద్దు

సోమశిల జలాశయం ఒడ్డున, నేలపట్టు చెరువు దగ్గర పెద్ద తెల్ల లెన్సులు భుజాన వేసుకుని తిరిగేవాళ్లను చూసి మనసు పడేవాళ్లున్నారు. 600 ఎంఎం ఎఫ్ 4 లెన్సు పది లక్షలు దాటుతుంది. సిగ్మా, టామ్రాన్ చేసే 150-600 లెన్సు చివరన ఎఫ్ 6.3 దగ్గర ఆగుతుంది, ధర అందులో పదో వంతు దగ్గర. నేలపట్టులో గూడబాతులు గూళ్లు పెట్టేది చలికాలపు ఎండలో. పొద్దున ఎనిమిది దాటాక అక్కడ వెలుగుకు కొరత లేదు. ఎఫ్ 6.3 చాలు. ఆ లెన్సును 600 దగ్గర పెట్టి 1000వ వంతు సెకను కన్నా నెమ్మదిగా తీసి, బొమ్మ మెత్తగా ఉందని లెన్సును తిట్టేవాళ్లే ఎక్కువ. తిట్టాల్సింది చెయ్యి వణుకును.

వెలిగొండలకు అవతల కడప జిల్లాలో కలివికోడి అనే పక్షి ఉంది. టి.సి. జెర్డన్ కనుగొనగా 1848లో లోకానికి తెలిసిన పక్షి అది. తర్వాత కనిపించక అంతరించిపోయిందనుకున్నారు. 1986లో సిద్ధవటం దగ్గర మళ్లీ దొరికింది. రాత్రి పూట తిరిగే పక్షి, పొదల చాటు నుంచి బయటకు రాదు. ఆ తర్వాత దాని జాడ తీసిన పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి అడుగుల ముద్రలు చూశారు. మనిషి లేకుండా దానంతట అదే తీసే కెమెరాలు పొదల్లో కట్టారు. ప్రపంచంలోనే అరుదైన పక్షుల్లో ఒకదాని ఆచూకీ తేలింది లక్షల లెన్సుతో కాదు. ఏ దారిన నడుస్తుందో తెలుసుకుని అక్కడ కాపు కాసినందుకు తేలింది. పక్షుల ఫొటోలు తియ్యాలనుకునేవాళ్లు మొదట కాలం ఖర్చు పెట్టండి. గూళ్లకు దగ్గరగా మాత్రం పోకండి. ఫొటో కోసం తల్లిపిట్టను లేపడం పాపం.

ఉదయగిరి కొండ, కోట గోడలు తియ్యడానికైతే ఏ లెన్సూ కొనవద్దు. ఉన్న కిట్ లెన్సునే ఎఫ్ 8 దగ్గర పెట్టి, ట్రైపాడ్ మీద నిలబెట్టి, సూర్యోదయానికి ముందే అక్కడ ఉండండి. ఎఫ్ 22 దాకా మూయకండి. అంత చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుగు చెదిరిపోయి ఎంత ఖరీదైన లెన్సు బొమ్మయినా మెత్తబడుతుంది. అలాగే ఉదయగిరి చెక్క స్పూన్లు చేసే కుటుంబాలు ఇంటర్‌నెట్‌లో అమ్ముకోవడానికి ఫొటోలు కావాలంటే మాక్రో లెన్సు కొనమని సలహా ఇవ్వకండి. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన స్పూను పెట్టి, ఎదురుగా తెల్ల థర్మకోల్ ముక్క నిలబెడితే చెక్క నారలు ఒక్కొక్కటీ కనిపిస్తాయి. ఫోను కెమెరా చాలు.

అయితే ఎప్పుడు కొనాలి

కొనాల్సిన సందర్భం నాకు కనిపించేది ఒకటే: వెలుగు పెట్టకూడని, దగ్గరికి పోకూడని చోట డబ్బు సంపాదించే పని. పెంచలకోన బ్రహ్మోత్సవాల్లో రాత్రి వాహనసేవ, తిరునాళ్లలో తెల్లారేదాకా సాగే పౌరాణిక నాటకం, కూచిపూడి వేదిక. అక్కడ ఫ్లాషు కొడితే నటుడి చూపు చెదురుతుంది, భక్తులకు ఇబ్బంది. జనాన్ని తోసుకుని ముందుకు పోలేం. 70-200 ఎఫ్ 2.8 లెన్సు అక్కడ బంగారం. కిట్ జూమ్ ఎఫ్ 5.6 కన్నా నాలుగు రెట్లు వెలుగు. దానికి బదులు మరేదీ పనికిరాదు. నెల్లూరు రొట్టెల పండుగ ఇలాంటిది కాదు. స్వర్ణాల చెరువు దగ్గర పగటి వెలుగులో తీసే పనికి 70-200 ఎఫ్ 4 చాలు, బరువు సగమే. చిన్న సెన్సరు కెమెరా ఉంటే చవక 55-250 కూడా సరిపోతుంది.

అలాంటి రాత్రులు ఏడాదికి ఎన్ని వస్తాయో ముందు రాసుకోండి. చెన్నైలో, హైదరాబాద్‌లో లెన్సులు అద్దెకిస్తారు. లక్షన్నర లెన్సుకు రోజుకు 1,500 అద్దె అనుకుందాం. 100 రోజుల అద్దె అయితే గానీ కొన్న ధర రాదు. ఏడాదికి పది రాత్రుల పని ఉన్నవాడికి పదేళ్లు పడుతుంది. ముప్పై నలభై రాత్రులు ఉన్నవాడికి మూడేళ్లలో వచ్చేస్తుంది. వాడు కొనాలి, అప్పు లేకుండా కొనాలి. పెద్ద తెల్ల లెన్సు చేతిలో ఉంటే పెళ్లివారు దారి ఇస్తారు, మర్యాద చేస్తారు. అది అబద్ధం కాదు, మన ఊళ్లలో ఆ మర్యాదకు విలువ ఉంది. కానీ ఆ మర్యాద కోసం వాయిదాల మీద కొంటే, పెళ్లిళ్లు లేని ఆషాఢంలో, మూఢంలో వాయిదా ఎవరు కడతారో కూడా ఆలోచించుకోండి.

కొత్తదైనా పాతదైనా ఒక్క జాగ్రత్త మరిచిపోవద్దు. బిల్లు లేకుండా లెన్సు చేతిలోకి తీసుకోకండి. దాని మీది సీరియల్ నంబరూ బిల్లు మీది నంబరూ ఒకటేనా చూసుకోండి. డబ్బు ఇచ్చేముందు మీ కెమెరాకు బిగించి పది ఫొటోలు తీసి, ఇంటికి తెచ్చి పెద్ద తెర మీద చూసుకున్నాకే బేరం ఖాయం చెయ్యండి. అలా చూసుకోనివ్వనివాడి దగ్గర, ఎంత తక్కువకు ఇస్తానన్నా కొనకండి.